వెనక చక్రం మరక

థిన్నర్ వాసన మా ఆయనకి పడదు. ఆదివారం మధ్యాహ్నం నేను బల్ల ముందు కూర్చుని డబ్బా మూత తీసేసరికి ఆయన కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను పెద్దది చేసి, "మళ్ళీ మొదలెట్టేవా?" అంటూ హాల్లోకి వెళ్ళిపోతారు. విసుక్కోవడంలో ఆయన తప్పేమీ లేదు. అరచేతిలో పట్టే బొమ్మ కారు ముక్కలన్నీ పెట్టెలోంచి తీసి, నెలరోజులపాటు గరుకు కాగితంతో అరగదీసి, అతికించి, మూడు పూతలు రంగు వేసి, తీరా అది మెరుస్తూ నిలబడ్డాక దానికి తుప్పు పట్టించడం, బురద చిమ్మడం, తలుపు అంచున రంగు పెచ్చులు లేపడం, వైపరు తిరిగినంత మేర వదిలి మిగతా అద్దం మీద దుమ్ము చల్లడం, ఇదంతా చూసేవాళ్ళకి పిచ్చి పనిలాగే ఉంటుంది. "కొత్త బండిని కష్టపడి పాతది చేసేది లోకంలో నువ్వొక్కత్తివే" అంటారాయన. నేను నవ్వి ఊరుకుంటాను. చక్రాల దగ్గరికి వచ్చేదాకా నా చెయ్యి బాగానే నడుస్తుంది. అక్కడికి రాగానే కుంచె పక్కన పెట్టేస్తాను. ఇన్ని బళ్ళు చేశాను గాని, ఒక్కదానికీ వెనక చక్రం లోపలివైపు నూనె మరక వెయ్యలేదు.

చిన్నప్పుడు మేము డుంబ్రిగుడలో ఉండేవాళ్ళం. అమ్మానాన్నలది కింద గజపతినగరం వైపు; పెళ్ళయిన కొత్తలో సర్వీసు జీపు నడపడానికని కొండెక్కిన నాన్న అక్కడే ఉండిపోయాడు. రోడ్డు వారన రేకుల ఇల్లు, ఇంటి ముందు జీపు ఆగే జాగా, వెనక పనస చెట్టు, ఆ వెనక సామ చేలు, వాటి వెనక కొండ. శీతాకాలంలో వలిసె పూలు పూసి చేలన్నీ పచ్చగా, పసుపు ఆరబోసినట్టు ఉండేవి. మేము మంచులో ముక్కులు కారుతూ, రాగి అంబలి ఊదుకుని తాగుతూ, అరుగు మీద చింతపిక్కలాడుకుంటూ, వేళ్ళు మొద్దుబారితే పొయ్యి దగ్గరికి పరిగెత్తుతూ ఉండేవాళ్ళం. వేసవి వస్తే పనసపళ్ళ వాసన ఇల్లంతా పట్టేసేది. మగవాళ్ళు వేటకి వెళ్ళే ఇటికల పండగకి గూడేల నుంచి డప్పుల మోత వినిపించేది. ఆడవాళ్ళు నడుముల మీదుగా చేతులు కలుపుకుని థింసా ఆడుతుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని, కాలు కదిపేది. పక్క గూడెం వాళ్ళు అడ్డాకు దొన్నెలో ఇచ్చే మామిడి టెంకల అంబలి నాకు ప్రాణం. అమ్మ మాత్రం ఆ వాసనకే ఆమడ దూరం పారిపోయేది.

ఇన్ని ఉన్నా నా మనసు ఎప్పుడూ ఒక్కచోటే ఉండేది, ఘాటీ రోడ్డు మీద. నాన్న పొద్దున్నే జనాన్ని ఎక్కించుకుని, అరకు మీదుగా అనంతగిరి దాటి, ఘాటీ దిగి శృంగవరపుకోటకి వెళ్ళి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. లోపల పట్టేదానికంటే ఎక్కువమంది జనం, పైన చింతపండు మూటలు, వెనక మెట్టు మీద వేలాడుతూ మరో నలుగురు. నాలుగు దాటిందంటే నేను వీధి అరుగు మీద కూర్చుని చెవులు రిక్కించేదాన్ని. మలుపు అవతల వస్తున్న బండి మాదో కాదో చప్పుడు బట్టి చెప్పేసేదాన్ని. మాది కాకపోతే మళ్ళీ మలుపుకేసి చూస్తూ కూర్చునేదాన్ని. వాన పడిన రోజు సరే సరి, అన్నానికి పిలిచినా అరుగు దిగేదాన్ని కాదు. "ఓలమ్మ, ఏటే ఇది! ఈ గుంట ఇంటి కాడ కూకునే మీ నాన్న బండి తోలేత్తన్నాది" అని అమ్మ నవ్వేది. ఆవిడకి భయం అంటే ఏమిటో తెలీదు. నాకు తెలిసిందంతా అదే.

ఘాటీ మొదట్లో, కాఫీ తోటలు ఆగిపోయి లోయ కనబడే చోట, రోడ్డు పక్కన అమ్మోరు రాయి ఒకటి ఉండేది. కొండవాళ్ళు మొక్కుకుని మట్టి గుర్రాలు ఇచ్చేవాళ్ళు. జీపులు వచ్చాక డ్రైవర్లు గుర్రం బదులు బుల్లి జీపు పెట్టడం మొదలెట్టారు. వానాకాలం ముందు ప్రతి డ్రైవరూ తన బండిలాంటి చిన్న బండి చేయించి, నంబరు రాయించి, అక్కడ పెట్టి కొబ్బరికాయ కొట్టాలి. వానలు పడినన్నాళ్ళూ అమ్మోరు ఆ చిన్న బండిని చేత్తో పట్టుకుంటుందనీ, అందుకే పెద్ద బండి జారదనీ వాళ్ళ నమ్మకం. నేను ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, అంత పెద్ద లోయ పక్కన నాన్నని పట్టుకునేవాళ్ళు ఒకరున్నారు కదా అని ఎంత ఊరట పడ్డానో చెప్పలేను. ఆ ఊరట రెండు రోజులు కూడా నిలవలేదు. అమ్మోరి దగ్గర వరసగా పెట్టిన బుల్లి బళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అమ్మోరు పొరబడి ఇంకొకళ్ళ బండి పట్టుకుంటే?

నాకు పదకొండేళ్ళు వచ్చిన వేసవిలో, ఈసారి మన బండి నేనే చేస్తానని పట్టుబట్టాను. ఆ బళ్ళు చేసేది సుక్రు తాత. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. నాగళ్ళూ గొడ్డలి పిడులూ చెక్కేవాడు, నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది. నేను వెళ్ళి నా భయం చెప్తే నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. చేతిలో కత్తి పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు.

"కొత్తగా సేత్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి గదా గుంటా. అమ్మోరు దేన్ని బట్టి పోల్సుకుంటాది? మీ నాన్న బండికి ఏటేటి దెబ్బలున్నాయో, ఏటేటి మరకలున్నాయో, అయ్యన్నీ ఏసీయ్. అప్పుడు పోల్సుకుంటాది."

ఈరోజు దేశదేశాల వాళ్ళు వీడియోలు పెట్టి నేర్పే విద్య నాకు ఆ చుట్ట పొగలో అలా అబ్బింది. అంకుడు కర్రతో ఒళ్ళు చెక్కాం. నూనె డబ్బా రేకు కత్తిరించి బానెట్టూ మడ్‌గార్డులూ చేశాం. రేకు కోసుకుని నా బొటనవేలు రెండుసార్లు రక్తం కక్కింది. అరిగిన హవాయి చెప్పులోంచి చక్రాలు కోశాం. అమ్మ జాకెట్టు హుక్కు హారన్ అయింది, చొక్కా గుండీలు లైట్లు అయ్యాయి, పాత గొడుగు గుడ్డ టాపు అయింది. మా ఇంటి ఎదురుగా షెడ్డు ఉన్న మెకానిక్ నూకరాజు మావయ్య డబ్బా అడుగున మిగిలిన మీగడ రంగు పెయింటు ఇచ్చాడు. ఆ తరవాత అసలు పని మొదలైంది. ఎర్రమట్టిని పాత పంచెలో జల్లించి తుమ్మబంకలో కలిపి బురద చేశాను. తుప్పు పట్టిన గొలుసుని కిరసనాయిలులో నానబెట్టి, తోమి, ఆ మడ్డి మడ్‌గార్డు అంచులకి అద్దాను. దీపం మసి సైలెన్సరుకి, చిక్కటి కాఫీ డికాషను సీట్లకి. చెయ్యడం, వీధిలోకి పరిగెత్తడం, జీపు చుట్టూ తిరిగి చూడటం, మళ్ళీ వచ్చి దిద్దడం. ఎడమ తలుపు మీద గేదె కొమ్ము గీసిన గీత, బంపరు మీద అతుకు, నాన్న మోచెయ్యి ఆనించి ఆనించి రంగు పోయిన చోటు, ఏదీ వదల్లేదు. ఒక్కటి తప్పినా అమ్మోరు పోల్చుకోదేమోనని భయం.

పనిలో పడి చక్రాల దగ్గరికి వచ్చినప్పుడు వెనక ఎడమ చక్రం లోపలివైపు ఒక మరక చూశాను. మిగతా మూడు చక్రాలకీ ఎండిన ఎర్ర బురద ఉంది. దీనికి మాత్రం బురద నల్లగా, తడిగా, మెరుస్తూ, పైనుంచి కిందికి చారలా దిగింది. నాకు అది భలేగా నచ్చింది. ఇంకే జీపుకీ లేదు, వీధిలో ఆగిన బళ్ళన్నీ వంగి చూసి వచ్చాను. మర్నాటికి అది ఇంకాస్త పెరిగింది. కాలిన ఇంజను నూనెలో మసి కలిపి కోడి ఈకతో గీస్తే రాలేదు, తుడిచాను, మళ్ళీ గీశాను, మళ్ళీ తుడిచాను.

ఆ సాయంత్రమే నాన్న జీపుని ఊరి చివర పారే గెడ్డ దగ్గరికి తీసుకెళ్ళాడు కడగడానికి. నేనూ వెంట వెళ్ళాను. బకెట్టుతో నీళ్ళు కొట్టి, గోనె ముక్కతో తోముతూ, ముందు చక్రాలు అయ్యాక వెనక్కి వచ్చాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"నాన్నా, ఈ సెక్రం కడగొద్దు. నా బండికి మరక ఇంకా కుదర్లేదు."

"ఏటే, సెక్రం మురిక్కి కూడా నీ పర్మిషనేటి?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఏడుపు మొహం పెట్టాను. నా భయాలు ఆయనకి తెలుసు. "సర్లే, నీ మరక నీకే ఉంచుకో" అని బకెట్టులో నీళ్ళు గెడ్డలో పారబోసి బండెక్కాడు. ఇద్దరం ఇంటికి వచ్చేశాం.

రెండు రోజుల తరవాత మా ఊళ్ళో సంత. అది అయిన మూడో నాడు అందరం వెళ్ళి అమ్మోరికి బండి ఇవ్వాలనుకున్నాం. అప్పటికే పొద్దుటి పూట జల్లులు మొదలయ్యాయి. సంత రోజున అమ్మ పుట్టింటికి బయల్దేరింది. ఏడాదిపైన అయింది ఆవిడ కిందికి దిగి. తెల్లారే తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, గళ్ళ చీర కట్టుకుని, తన తమ్ముడికిద్దామని పెద్ద గుమ్మడికాయ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఆ రాత్రికి ఇద్దరూ అక్కడే ఉండి మర్నాడు వస్తామని, నన్ను సుక్రు తాత ఇంట్లో పడుకోమని వంద జాగ్రత్తలు చెప్పింది. నేను మొహం ముడుచుకుని చెయ్యి ఊపాను. బండి జనంతో కిక్కిరిసి కదిలిపోయింది.

ఇంకో అరగంటకి నా మరక కుదిరింది. అంత బాగా కుదిరినందుకు నాకే ఆశ్చర్యమేసి, బుల్లి బండిని రెండు చేతులతో పట్టుకుని, ముందుగా రంగు ఇచ్చిన నూకరాజు మావయ్యకి చూపిద్దామని రోడ్డు దాటాను. ఆయన చేతులు తుడుచుకుని అందుకున్నాడు. తిప్పి తిప్పి చూసి, నంబరు చదివి, గేదె కొమ్ము గీత చూసి పకపకా నవ్వి, "ఓలమ్మో, అన్న బండి దిగిపోనాదే!" అన్నాడు. తలకిందులు చేశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఈ సెక్రం కాడ ఇదేటి గుంటా?"

"నాన్న బండికి ఉంది మావయ్యా. అచ్చంగా అలాగే ఏసాను."

"తడిగుందా, ఎండిపోనాదా?"

"తడిగానే ఉంది. రోజూ పెరుగుతోంది."

ఆయన ఒక్క ఉదుటున రోడ్డు దాటి, మా ఇంటి ముందు జీపు నిలబడే చోట గొంతుక్కూర్చుని, మట్టి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. "బ్రేకాయిలు కారిపోతన్నాదే" అన్నాడు. సెల్‌ఫోన్లు అప్పటికి మా కొండెక్కలేదు. ఆయన షెడ్డులోంచి మోటారు సైకిలు బయటికి లాగి తన్నుతూ "బేగి ఎక్కు!" అని అరిచాడు. నన్నెందుకు ఎక్కించుకున్నాడో నాకు ఇప్పటికీ తెలీదు, బహుశా ఆయనకీ తెలిసి ఉండదు. చేతిలో బుల్లి బండితోనే ఎక్కి కూర్చున్నాను.

అరకు దాకా ఎదురుగా సంతకి వచ్చేవాళ్ళు, కావిళ్ళు, కోళ్ళు, మేకలు. అరకులో జీపుల స్టాండు దగ్గర ఆపి అడిగితే "ఇప్పుడే ఎల్లిపోనాడు" అన్నారు. ఆ ఇప్పుడే అన్నది ఎంతసేపో ఎవరూ చెప్పలేదు. ఆ తరవాత కాఫీ తోటలు, సిల్వర్ ఓకు చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, సన్నటి జల్లు మొహానికి సూదుల్లా గుచ్చుకోవడం. మలుపు తిరిగినప్పుడల్లా లోయవైపు పిట్టగోడ విరిగిందేమోనని చూస్తున్నాను. గోడ బాగానే ఉంటే ఊపిరి తీసుకోవడం, మళ్ళీ మలుపు, మళ్ళీ ఊపిరి బిగబట్టడం. అమ్మోరి దగ్గర అగరొత్తులు ఇంకా పొగ వదులుతున్నాయి, జీపు లేదు. ఆ చక్రం కడగనిస్తే ఆ తడి నాన్నకి కనబడేది కదా అన్న ఆలోచన నాకు సరిగ్గా అక్కడ వచ్చింది. అంతవరకూ రాలేదు. అది వచ్చిన క్షణం నుంచి నాకు వాన తెలియలేదు, చలి తెలియలేదు.

రెండో మలుపు దాటగానే కనబడ్డాడు. ముందు వెదురు లోడు లారీ ఒకటి నత్తనడక నడుస్తుంటే దాని వెనక మెల్లగా దిగుతున్నాడు. మావయ్య హారన్ కొడుతూ పక్కకి వెళ్ళి, "అన్నా, బ్రేకు! బ్రేకు లేదు, కొండేపు తిప్పీ!" అని అరిచాడు. నాన్న నన్ను చూశాడు. బ్రేకు తొక్కడం, అది పట్టక మొహం మారిపోవడం, రెండూ నేను చూశాను. గేరు తగ్గించి, స్టీరింగు కొండవైపుకి తిప్పి, జీపుని మురుగు కాలవలోకి దింపేశాడు. బండి ఒరిగి, కొండకి ఆనుకుని, గుర్రుమని ఆగిపోయింది. ఒకావిడ కోళ్ళ గంప దొర్లింది, చిక్కుళ్ళు రోడ్డు నిండా చెల్లాచెదురయ్యాయి, అమ్మ ఒళ్ళో గుమ్మడికాయ జారి దొర్లుకుంటూ పోయి పిట్టగోడ కంత లోంచి లోయలోకి పడిపోయింది. అది కింద ఎక్కడో తగిలిన చప్పుడు చాలాసేపటికి గాని వినబడలేదు. మనుషులెవరికీ ఏమీ కాలేదు.

మావయ్య చక్రం విప్పి చూసి, తల కొట్టుకుని, "కడిగుంటే కనపడీదే అన్నా. కడగలేదేటి?" అన్నాడు. నేను జీపు వెనక్కి తప్పుకున్నాను. నాన్న నావైపు చూడలేదు. "తీరిక నేకపోయింది" అన్నాడు. ఆ మాట నన్ను కాపాడ్డానికే అన్నాడని నేను అనుకున్నాను. అమ్మ వచ్చి నా చేతిలో బుల్లి బండి లాక్కుని, అందులో మరక చూసి, నన్ను దగ్గరికి లాక్కుని జనం ముందే భోరుమంది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

ఆరోజు నుంచీ నేను మా ఊళ్ళో కళ్ళున్న గుంటని అయిపోయాను. పదిమందిని కాపాడినదాన్ని అయిపోయాను. అమ్మ ఆ కథ చెప్పని పండగ లేదు, పెళ్ళి లేదు. చుట్టాలింటికి వెళ్తే కాఫీలు రాకముందే మొదలెట్టేది. ఏడాదికేడాదికి జీపులో జనం పెరిగారు, జల్లు కాస్తా గాలివాన అయింది, గుమ్మడికాయ దొర్లినప్పుడు మాత్రం ఆవిడే నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. చివర్లో నా గడ్డం పట్టుకుని, "ఇదిగో, ఈ కళ్ళే మమ్మల్ని కాసీనాయి" అనేది. అందరూ నావైపు చూసేవాళ్ళు. నేను నేలకేసి చూసేదాన్ని, సిగ్గనుకునేవాళ్ళు; నాన్న ఏదో పనున్నట్టు లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పింది మహాతల్లి! నా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళకీ అన్నం తినిపిస్తూ అదే కథ. అది విన్న ప్రతిసారీ నాకు గెడ్డ ఒడ్డున అడ్డంగా నిలబడ్డ నేనే కనబడేదాన్ని. ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. అంత సంతోషంగా చెప్తున్న మనిషి నోరు ఎలా మూయించను?

ఇప్పుడు కొండ మీద ఆ సర్వీసు జీపులు లేవు, ఆటోలూ వ్యానులూ తిరుగుతున్నాయి. రోడ్డు వెడల్పు చేశారు. అమ్మోరి రాయి దగ్గర గట్టు కట్టి టైల్స్ వేశారు, బుల్లి బళ్ళు పెట్టేవాళ్ళు లేరు. సుక్రు తాత ఎప్పుడో పోయాడు. అమ్మ పోయి ఈ వేసవికి రెండేళ్ళయింది. నాన్న విశాఖపట్నంలో మా దగ్గరే ఉంటున్నాడు.

మొన్న అమ్మ తద్దినానికి చుట్టాలందరూ వచ్చారు. భోజనాలయ్యాక మా పిన్ని, "అక్క సెప్పీది కదా, ఆ జీపు కథ, నువ్వు సెప్పవే" అంది. పిల్లలందరూ చుట్టూ చేరారు. మొదలెట్టాను గాని సుక్రు తాత దాకా వచ్చి ఆగిపోయాను. పనుందని లేచిపోయాను. సాయంత్రం పిన్ని వాళ్ళు తప్ప అందరూ వెళ్ళాక, ఆయన బాల్కనీలో ఉండగా వెళ్ళి పక్కన కూర్చుని, ఇక ఆగలేక, మొత్తం చెప్పేశాను. చక్రం కడగనివ్వనిది నేనేననీ, అమ్మ ఆ బండిలో ఉండగా ఆ పాపం నాదేననీ, ఇన్నేళ్ళూ మోశాననీ.

"నువ్వు కడగనిచ్చినా నానెలాగూ ఎల్లీవోణ్ణే" అన్నాడు నాన్న, రోడ్డుకేసి చూస్తూ. నాకు అర్థం కాలేదు. "ఆ పొద్దున్నే పెడలు మెత్తగున్నాది. రెండుసార్లు తొక్కితే గాని పట్టనేదు. నాకు తెలుసు. అప్పటికే మీ అమ్మ పూలెట్టుకుని, గుమ్మడికాయట్టుకుని సీట్లో కూకుండిపోనాది. ఏడాదయింది అది పుట్టిల్లు సూసి. దిగమని ఎలా సెప్పీది? కోటకెల్లాక సూపిద్దాంలే అనుకున్నాను."

ఇన్నేళ్ళూ అమ్మ ఆ కథ చెప్తున్నప్పుడు నేను నేలకేసి చూస్తుంటే, ఆయన లేచి బయటికి ఎందుకు వెళ్ళిపోయేవాడో ఇప్పుడు తెలిసింది.

ఆయనే మళ్ళీ అడిగాడు, చిన్న గొంతుతో. "మీ అమ్మకి సెప్పీసినావేటి, సెక్రం సంగతి?"

"లేదు నాన్నా."

"నానూ సెప్పనేదు" అన్నాడు.

లోపల పిల్లలు పిన్ని కూతుర్ని పట్టుకుని ఆ జీపు కథ చెప్పమని గొడవ చేస్తున్నారు. తనకి సరిగ్గా రాదు, మాటిమాటికీ ఆగిపోయి మమ్మల్ని కేకేస్తోంది. మేమిద్దరం లేవలేదు. ఆ కథ చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఒక్క అమ్మే.